రెండంగుళాల వదులు

ఉదయం ఎనిమిదింటికల్లా టైలరమ్మ ముందుగదిలో కుట్టుమిషను మొదలుపెట్టేస్తుంది. ఆ వీధిలో సగంమందికి అదే గడియారం. అయితే ఈమధ్య ఆ గడియారం సరిగ్గా నడవడంలేదు. ఆవిడ ఒక జానెడు కుడుతుంది, ఆపుతుంది, ఇంట్లోకి చెవి ఒగ్గి వింటుంది. లోపలినుంచి దగ్గో, పేపరు తిప్పిన చప్పుడో వినబడ్డాకే మళ్లీ తొక్కుతుంది. పోయిన వానాకాలం నుంచీ ఇదే వరస.

పోయిన వానాకాలంలో ఆవిడ భర్త పెరట్లో పాచిమీద కాలు జారి పడ్డాడు. ముప్పై ఏళ్లు రాత్రి బస్సు నడిపి, బండికి ఒక్క గీత పడనివ్వకుండా రిటైరైన మనిషి. సొంత పెరట్లో మోకాలు విరగ్గొట్టుకుని అరగంటసేపు పెళ్లాన్ని పిలుస్తూనే ఉన్నాడు. మిషను మోతలో ఆవిడకి వినబడలేదు. మోకాలు అతుక్కుంది గానీ, మెట్టెక్కమంటే మొరాయిస్తుంది. ఆ రోజునుంచి ఆయన పెరటి గుమ్మం దాటలేదు. ఆవిడ పది నిమిషాలు వరసగా మిషను తొక్కలేదు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒక్కసారి కూడా ఒకరితో ఒకరు అనుకోలేదు. మోకాలి నొప్పికంటే అదే పెద్ద జబ్బు.

ఒకరోజు పొద్దున డ్రైవరుగారు టీ గ్లాసు పట్టుకుని వంటింటి కిటికీలోంచి చూసేసరికి, పెరటి మధ్యన కొత్త గచ్చు తళతళలాడుతోంది. గుమ్మం దగ్గర్నుంచి దానిదాకా మెట్టన్నది లేకుండా వాలుగా బాట కూడా ఉంది. నిన్న ఆయన ఆసుపత్రికి వెళ్లొచ్చేలోగా మేస్త్రీ వచ్చి పని కానిచ్చేశాడన్నమాట.

"ఏమోయ్! ఆ గచ్చేంటి? లేని కారుకి షెడ్డు కట్టిస్తున్నావా?"

"టెలిస్కోపుకి," అంది టైలరమ్మ, బొత్తాం కుడుతున్న చొక్కా మీంచి తల ఎత్తకుండా.

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. దాంతో ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నిజంగానా?"

"నిజంగానే. పధ్నాలుగు అంగుళాల అద్దం. అద్దాలాయన చేత్తో రుద్ది చేస్తున్నాడు. నా కుట్టు డబ్బులే, మీ పెన్షను జోలికి రాలేదు."

అద్దాలాయన అంటే ఊరి చివర షెడ్డులో టెలిస్కోపులు తయారుచేసే పెద్దాయన. ఆయన చేసేవి గొట్టాల చట్రంతో ఉంటాయి. బయటి వెలుతురు లోపల పడకుండా ఆ చట్రానికి నల్లగుడ్డ తొడుగు వేయాలి. ఆ తొడుగులు కుట్టేది మన టైలరమ్మే. ఎనిమిదేళ్లలో పదకొండు తొడుగులు కుట్టింది, అన్నీ పరాయివాళ్ల టెలిస్కోపులకే. పన్నెండోది తనదానికి కుట్టుకోవాలని ఎప్పుడనుకుందో గానీ, అనుకుందంటే అయిపోయినట్టే. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది," అన్నాడాయన. "నెల కిందట చొక్కాకని కొలతలు తీశావు. ఆ చొక్కాకే ఇంతవరకూ దిక్కులేదు, చుక్కలు కావలసొచ్చాయా?"

"ఉన్న చొక్కాలు చాలవా?"

"ఉన్న చొక్కాల్లో నాతోపాటు ఇంకో మనిషి పడతాడు. పెళ్లయినప్పటినుంచీ చూస్తున్నాను, ఎదిగే పిల్లాడికి కుట్టినట్టు కుడతావు."

"వదులు లేనిదే బట్ట మన్నదు."

మామూలు రోజయితే ఆ మాట అక్కడితో పోయేది. కానీ ఆయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "అదికాదే... ఫ్లాటుకి వెళ్లాక దాన్నెక్కడ పెడతావు?"

ఆవిడ చేతిలో సూది ఆగింది.

"ఏ ఫ్లాటు?"

*

పదకొండింటికి కూతురు వచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది. ఇంట్లో కూడా ఏ మాటైనా బోర్డుమీద రాసినట్టే చెబుతుంది. తనుండే అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో ఒక వాటా ఖాళీ అవుతోంది. లిఫ్టుంది, మెట్లతో పనిలేదు, పిలిస్తే పలికేంత దూరంలో తనుంటుంది. నాన్న సరేనన్నాడు. ఈ ఇల్లు అద్దెకిచ్చేయొచ్చు. ఇందులో అమ్మకి నచ్చనిదేముంటుంది?

"నన్ను అడక్కపోవడం," అంది టైలరమ్మ.

"నువ్వు నన్నడిగి ఆర్డరిచ్చావా?" అన్నాడు డ్రైవరుగారు.

"టెలిస్కోపూ ఇల్లు మారడమూ ఒకటేనా?"

"ఒకటే కదమ్మా!" అంది కూతురు. "అది అంత బరువుంటుంది. పెరడు లేకపోతే దాంతో పనేముంది? దానికి ఆర్డరివ్వడమంటే ఇక్కణ్నుంచి కదలనని చెప్పడమే."

"అలాగే అనుకో. కదలను."

"ఈ వయసులో నీకు చుక్కలెందుకమ్మా?"

టైలరమ్మ వంటగట్టుకి ఆనుకుని నిలబడింది. కోపం వస్తే ఆవిడ గొంతు పెరగదు, తగ్గుతుంది. "మీ నాన్న రాత్రంతా బండి నడిపి తెల్లారి ఇంటికొచ్చేవారు. టీ కోసం ఆపినచోట పిల్లలకోడి చుక్కలగుంపుని చూశాననేవారు. ఆరు చుక్కలు లెక్కపెట్టాననేవారు. నేను మిషను మీద తల వంచుకునే ఊఁ కొట్టేదాన్ని. ముప్పై ఏళ్లు ఊఁ కొట్టాను. పోయినేడు తొడుగు ఇవ్వడానికి షెడ్డుకి వెళ్తే అద్దాలాయన చూడమన్నాడు. అందులో ఆరు కాదు, అరవై ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఇకనైనా తల ఎత్తనివ్వండి నన్ను."

లెక్కల టీచరుకి మాత్రం లెక్క ఇంకా తేలలేదు. నాన్నమీద బెంగ, నెలల తరబడి దాచుకున్న భయం ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"మరి నాన్న మళ్లీ పడితే? ఆరోజు నీకు వినబడనే లేదు కదమ్మా!"

అనేశాక నాలుక కరుచుకుంది. డ్రైవరుగారు "ఊరుకోవే!" అని కసిరాడు గానీ, మాట దాటిపోయింది.

టైలరమ్మ మొహం పాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంగుతో తుడుచుకోలేదు, అలాగే నిలబడి మాట్లాడింది.

"వినబడలేదు. నిజమే. అరగంటసేపు పిలిచారు. నేను ఎవరిదో జాకెట్టు కుడుతూ కూర్చున్నాను. ఆ అరగంట నేను చచ్చేదాకా నాతోనే ఉంటుంది. అయితే? పడ్డారని మనిషిని పట్టుకెళ్లి నాలుగో అంతస్తులో దాచిపెడతామా? అక్కడాయన ఏం చేస్తారు, లిఫ్టులో పైకీ కిందకీ తిరుగుతారా? పడిన చోటే లేవాలి, ఎవరైనా."

"నాకేం అక్కర్లేదే," అన్నాడాయన నీరసంగా. "నాకెందుకివన్నీ."

"అదిగో! ఏడాదిగా ఆ ఒక్క మాటే. బయట కూర్చుందామంటే నాకెందుకు. కొత్త చెప్పులంటే నాకెందుకు." ఆవిడ చేతులు తుడుచుకుంది. "సరే. నాలుగింటికి అద్దాలాయన ఫోన్ చేస్తాడు. కొలతలు ఖాయమంటే ఈ సాయంత్రమే గొట్టాలు కోసేస్తాడు, తర్వాత మార్చడానికుండదు. వద్దనాలనుంటే మీరే అనండి. నా నోటితో మాత్రం అనను."

ముందుగదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. మిషను మొదలైంది. జానెడు, ఆగింది. మళ్లీ జానెడు, మళ్లీ ఆగింది.

డ్రైవరుగారు ఆ ఆగడాన్నే వింటూ కూర్చున్నాడు. "చూశావా?" అన్నాడు కూతురితో నెమ్మదిగా. "బతికున్నానో లేదో అని వింటోంది. ఏడాదిగా ఇంతే. ఒక్క చొక్కా తిన్నగా కుట్టలేకపోతోంది నావల్ల. నువ్వు పక్కనుంటే అది నిశ్చింతగా కుట్టుకుంటుందని ఫ్లాటుకి సరేనన్నాను. నాలుగో అంతస్తంటే నాకేమైనా సరదానా?"

కూతురు తండ్రి మొహంలోకి చూసింది. "ఆ ముక్క అమ్మతో అనలేదేం?"

"ఏమని చెప్పను, 'నువ్వు వింటున్నావని నాకు వినబడుతోంది' అనా?"

*

మూడున్నరైంది. ఆర్డరు వద్దని చెప్పాలంటే దాని నంబరు కావాలి. టైలరమ్మ కాగితాలన్నీ కొలతల పుస్తకంలోనే దాస్తుంది. కూతురు తీసుకొచ్చింది. జాకెట్లూ లాగులూ దాటి చివరిపేజీలో మడతపెట్టిన ఆర్డరు ఫారం నకలు దొరికింది. డ్రైవరుగారు కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

'నడినెత్తిన ఉన్న చుక్కని చూసేటప్పుడు కన్ను పెట్టే చోటు అన్నిటికంటే ఎత్తుగా ఉంటుంది. కాబట్టి చూసేవారి కన్ను నేలనుంచి ఎంత ఎత్తులో ఉంటుందో రాయండి' అని అచ్చులో ఉంది. కింద రెండు గళ్లు. 'నిలబడి' అన్న గడిని కొట్టేసింది. 'కూర్చుని' అన్న గడిలో 'యాభై అంగుళాలు' అని రాసింది.

'చూసేవారు' అన్న చోట 'మావారు' అని ఉంది.

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. దాని కింద ఆవిడ గుండ్రటి చేతిరాత సాగింది. 'మావారు నిచ్చెన, స్టూలు ఎక్కలేరు. గొట్టం పొట్టిగానే ఉండాలి. అందుకు అద్దం ఎక్కువ లోతుగా రుద్దాలన్నారు కదా, ఎన్ని నెలలు ఎక్కువైనా ఆగుతాను. ఎడమకాలు చాపుకోడానికి గొట్టాన్ని మోసే పెట్టె పక్కన చోటు ఉండాలి. నేను ఎలాగోలా వంగి చూస్తాను, నాకు వంగడం అలవాటే.'

"నాన్నా," అంది కూతురు.

ఆయనకి నెల కిందటి సంగతి గుర్తొచ్చింది. చొక్కాకని చెప్పి ఈ కుర్చీలోనే కూర్చోబెట్టింది. నేలనుంచి టేపు పట్టి కంటిదాకా తెచ్చింది. "చొక్కాకి కన్నెందుకే?" అంటే "కాలరు కోసం, కదలకండి" అంది. తనకోసమని చెబితే తనేమంటాడో ఆవిడకి తెలుసు. నాకెందుకు అంటాడు. అందుకే చెప్పలేదు. పడిన రోజు కూడా ఏడవని మనిషి, కాగితం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు.

కాసేపటికి తేరుకుని ఆ కాగితాన్నే మళ్లీ చూశాడు. ఈసారి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"యాభయ్యా?" అన్నాడు. "టేపు పట్రావే."

"ఎందుకు నాన్నా?"

"మీ అమ్మ కొలత సంగతి నీకు తెలీదు. కొలువు."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కూతురు నేలమీద మోకాళ్లేసుకుని టేపు పట్టింది. ఒకసారికి రెండుసార్లు చూసింది. "నలభై ఎనిమిది."

"అదీ!" తడికళ్లతోనే తొడమీద చరుచుకుని నవ్వాడు డ్రైవరుగారు. "టెలిస్కోపుకీ రెండంగుళాలు వదులు పెట్టింది! ఎవరి కొలత తీసినా రెండు కలిపే రాస్తుంది, దానికి తెలీకుండానే చెయ్యి రాసేస్తుంది. నేనేమన్నా ఎదుగుతానా ఈ వయసులో? ఆ రెండంగుళాలకి కుర్చీలోంచి లేవాలి. నా మోకాలు ఒప్పుకోనిది ఆ రెండంగుళాలకే కదే!"

అప్పుడే ఫోన్ మోగింది.

ముందుగదిలో మిషను ఆగిపోయింది.

డ్రైవరుగారు కూతురి భుజం పట్టుకుని లేచాడు. ఫోన్ తనే తీశాడు. "ఆఁ, నేను టైలరమ్మ భర్తనండీ... లేదు లేదు, ఆవిడ పనిలో ఉంది. కొలత సంగతి నేనే చెబుతాను." ముందుగది తలుపు కదలడం ఆయనకి కనబడింది. అటు తిరిగి, అవతలివాళ్లకే కాదు, ఇంటికంతటికీ వినబడేలా చెప్పాడు. "గొట్టం రెండంగుళాలు తగ్గించాలండీ. యాభై కాదు, నలభై ఎనిమిది. కొయ్యడానికి ముందే రాసుకోండి... ఖాయమే. కూర్చుని చూసేది నేనే కదా, నాకు తెలీదా?"

ఫోన్ పెట్టేసరికి టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మెడలో టేపు, కళ్లనిండా నీళ్లు.

"నా కొలత తప్పంటారా?" అంది.

"ముప్పై ఆరేళ్లుగా తప్పే. చొక్కాలు గనక సర్దుకుపోయాను."

"అంటే... వద్దని చెప్పలేదా?"

"నువ్వు వంగి చూస్తానని రాశావు చూడు, అది మాత్రం వద్దు. నువ్వు నిలబడి చూసేటప్పుడు టెలిస్కోపు కింద వేయడానికి ఎత్తుపీట ఒకటి చేసిపెట్టమని అద్దాలాయన్ని అడుగుదాం. మళ్లీ తల వంచుకోవడమెందుకు?"

ఆవిడ ఆయన దగ్గరికొచ్చి, అంత పెద్ద కూతురు చూస్తోందని కూడా చూడకుండా, ఆయన వదులు చొక్కాలో మొహం దాచుకుని ఏడ్చింది. "వినబడలేదండీ ఆరోజు," అంది. ఏడాదిగా గొంతులో ఉన్న మాట.

"తెలుసే," అన్నాడాయన. "నువ్వు రోజూ వినడం నాకు వినబడుతూనే ఉంది. ఇక ఆపకుండా కుట్టుకో. కావలిస్తే గంట కొనుక్కో, మోగిస్తాను."

కూతురు కళ్లు తుడుచుకుని ఫారం అందుకుంది. అపార్టుమెంటువాళ్లకి ఏం చెప్పాలో తర్వాత ఆలోచించుకోవచ్చు. ముందు యాభైని కొట్టేసి నలభై ఎనిమిది అని రాయబోయింది.

"ఆగు," అంది టైలరమ్మ. "ఇంకోసారి నేనే చూడాలి. ఇక్కడ కాదు, అక్కడ."

పెరటి తలుపు తెరిచింది. ఇంకా ఎండ ఉంది. కూతురు కుర్చీ తీసుకెళ్లి గచ్చుమధ్యన వేసింది. డ్రైవరుగారు గుమ్మం దగ్గర ఆగాడు. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో పెళ్లాం భుజం పట్టుకున్నాడు. ఏడాది తర్వాత పెరట్లో కాలు పెట్టి, వాలుబాట మీద మెల్లగా నడిచివెళ్లి కూర్చున్నాడు. తల పైకెత్తాడు. పైన ఏ చుక్కా లేదు, ఉత్త నీలం.

టైలరమ్మ కింద కూర్చుని టేపు పట్టింది. అంకె చూసింది, మళ్లీ చూసింది. చెయ్యి అలవాటుగా యాభైవైపు పోబోతే దాన్ని బలవంతాన ఆపి, జీవితంలో మొదటిసారి ఉన్న కొలతని ఉన్నట్టు రాసింది.