కిటికీ పక్క మంచం గంట

ఆ ఆసుపత్రిలో మెట్ల కింది గదికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరట. పగలు వెళ్లినా తలుపు బార్లా తీసిపెట్టుకునే వెళ్తారట.

ఆ గదిలో ఉన్నది ఒక్క పెట్టె. దానికి అటొక తీగ, ఇటొక తీగ. అటు పాత భవనం, ఇటు కొత్త భవనం. పాత భవనంలో రోగి మీట నొక్కితే, ఆ పిలుపు ఈ పెట్టెలోంచి దాటొచ్చి, కొత్త భవనంలో సిస్టర్ల బల్ల మీద గంటై మోగాలి. లినక్స్ గేట్‌వే అంటారట. నాకు తెలిసిందల్లా… మాటల్లేని తోడికోడళ్ల మధ్య కబుర్లు మోసే మనిషిలాంటిదది.

దాన్ని చూసుకునే పెద్దాయన పోయాడు. ఎక్కడో కాదు… ఆ పాత భవనంలోనే, కిటికీ పక్క మంచం మీద. ఆయాసంతో చేరాడు. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది. తెల్లారి చూస్తే— మీట ఇంకా గుప్పిట్లోనే ఉందట.

అప్పట్నుంచీ గంటలు మూగబోయాయి. బాగుచెయ్యడానికి వచ్చినవాళ్లు తీగలు మార్చి పోయారు, లాభం లేదు. "ఆయనే గంటల్ని పట్టుకున్నాడు," అన్నారు ఆసుపత్రివాళ్లు. ఆ మంచం చుట్టూ తెర లాగేసి, అటు చూడ్డమే మానేశారు.

సరిగ్గా అప్పుడే నా కోడలికి గొంతు ఆపరేషన్ చేసి ఆ భవనంలో పడుకోబెట్టారు.

"మీటలు పనిచెయ్యవమ్మా. అవసరమైతే కేకెయ్యమనండి," అంది సిస్టరమ్మ నా మనవరాలితో.

గొంతు కోసిన మనిషి కేకెలా వేస్తుంది? రాత్రి ఊపిరాడకపోతే?

నా మనవరాలిది కంప్యూటర్ల పనే. తిన్నగా మెట్ల కిందికి వెళ్లింది. సిస్టరమ్మ గుమ్మందాకా వచ్చి ఆగింది.

"భయమా అక్కా?"

"భయమెందుకు తల్లీ… బల్ల దగ్గర పనుంది," అంటూనే ద్వారబంధం వదల్లేదట.

పెట్టెలోంచి పాత భవనాన్ని పిలిస్తే పలికింది. కొత్త భవనాన్ని పిలిస్తే పలికింది. అటునుంచి ఇటు మాత్రం… ఒక్క పిలుపూ దాటదు. దారులన్నీ సరిగ్గానే రాసున్నాయి. మరి ఆపుతున్నదెవరు?

చివరికి పెట్టె అమరికల్లో ఒకచోట సున్నా కనబడింది. దాటనివ్వాలంటే అక్కడ ఒకటి ఉండాలి. పెద్దాయన ఆ ఒకటిని ఎప్పటికప్పుడు చేత్తో వేసేవాడే గానీ, నిలిచిపోయేలా రాయలేదు. కరెంటు పోయి పెట్టె మళ్లీ లేచినప్పుడల్లా అది సున్నా అయ్యేది. ఆయన పరుగున వచ్చి మళ్లీ వేసేవాడు.

ఆ రాత్రి మాత్రం— పరుగెత్తాల్సినవాడు మంచం మీద ఉన్నాడు.

నా మనవరాలు చెరిగిపోకుండా ఒకటి రాసింది.

అంతే… గంట మోగింది.

"అమ్మ!" అంటూ లేచింది. సిస్టరమ్మ గుమ్మంలోంచే బల్ల మీద ఏ మంచం దీపం వెలిగిందో చూసి బిగుసుకుపోయింది.

"మీ అమ్మ కాదు… కిటికీ పక్క మంచం."

ఇద్దరూ పరుగెత్తారు. నా కోడలు నిద్రపోతోంది. తెర తొలగిస్తే— ఖాళీ మంచం. పరుపు కూడా లేదు. గోడకున్న చిన్న పిలుపు డబ్బా మాత్రం ఎర్రగా వెలుగుతోంది.

"దెయ్యం కాదక్కా," అంది మనవరాలు. "ఇది బ్యాటరీది. ఎవరో ఒకరొచ్చి జవాబు మీట నొక్కేదాకా… పిలుస్తూనే ఉంటుంది."

అంటే ఆ రాత్రి నుంచీ పిలుస్తూనే ఉంది.

సిస్టరమ్మ దగ్గరికెళ్లి, ఆ మీట నొక్కింది.

"వచ్చానండీ సారూ," అంది, మెల్లగా.

అప్పుడు ఆగిందట గంట.