ఆయుధపూజ మర్నాడు

ఆయుధపూజ మర్నాడు పొద్దున్నే అటెండర్ వెంకన్న మెడికల్ కాలేజీ యానిమల్ హౌస్ తాళం తీశాడు.

ఎలుకలు లేవలేదు.

తాళంచెవి చప్పుడైతే చాలు, ఊచల దగ్గరికి ఎగబడే తెల్ల ఎలుకలు అవి. రీసెర్చ్ కోసం పెంచుతున్నవి. వెంకన్న బోను తట్టాడు. కదలిక లేదు. ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా తగిలింది.

కాసేపట్లో ఫార్మకాలజీ డిపార్ట్‌మెంట్ అంతా అక్కడ గుమిగూడింది. ఇంకాసేపటికి నేరస్తుడు కూడా దొరికాడు. ఎక్కడో వెతకాల్సిన పని పడలేదు. ఎలుకల మధ్య నిలబడి ఏడుస్తున్న వెంకన్నే నేరస్తుడని తేల్చేశారు.

"ఓపెన్ అండ్ షట్ కేసు మేడం," అన్నాడు డాక్టర్ శ్రీహరి, సూర్యాపేట పోలీస్ స్టేషన్‌లో. ఆ డిపార్ట్‌మెంట్‌కు ఆయనే హెడ్. "స్టోర్‌లో పందికొక్కులున్నాయని వీడే ఎలుకల మందు పెట్టాడు. ఆ చేతులతోనే పూజ కొబ్బరి ముక్కలు మా ఎలుకలకు తినిపించాడు. మా పీజీ స్టూడెంట్ గోపిక థీసిస్ మొత్తం పోయింది."

ఎస్సై రజని వెంకన్నను స్టేషన్‌కు పిలిపించింది. సాయంత్రం దాకా నేల మీద కూర్చోబెట్టింది.

"ఎలుకల మందు పెట్టినవా?"

"స్టోర్ల పెట్టిన మేడం."

"కొబ్బరి పెట్టినవా?"

"పెట్టిన. ప్రసాదం గదా. గని చేతులు కడుక్కున్న మేడం."

"గొర్రెలు కాసుకునేటోనికి రీసెర్చ్ అంటే ఏం తెలుస్తది!" అంది రజని. పక్కన ఉన్న కానిస్టేబుల్ ఉపేందర్ నవ్వాడు. వెంకన్న మాత్రం తల ఎత్తలేదు.

మర్నాటికి వెంకన్న ఇంట్లో లేడు.

ఆ సంగతి చెప్పడానికి భార్య కొమురమ్మ చిలుకూరు నుంచి కోదాడ, కోదాడ నుంచి సూర్యాపేట బస్సులు మారి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మొఖం ఎట్ల సూపెట్టాలె అన్నడు మేడం. ఊర్ల అందరి ఫోన్లల్ల ఆయన ఫోటోనే. సచ్చిన ఎలుకలు, నడుమ ఈయన. హోటల్ కాడికి పోతే ఎలుకలోడు అని నవ్వుతున్నరు. తెల్లారి లేచి సూస్తే లేడు."

"ఎక్కడికి పోయి ఉంటడు?"

"మా తమ్ముడు మిర్యాలగూడ రైసు మిల్లుల పని చేస్తడు. గాడికే పోయిండేమో. నాకైతే పాణం కొట్టుకుంటున్నది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒక్క మాట మేడం. ఆ చేతులతోనే మిగిలిన కొబ్బరి మా ఇంటికి తెచ్చిండు. నేను తిన్న, పిల్లలు తిన్నరు. మేమెట్ల బతికినం?"

అంత చిన్న ప్రశ్న తనకెందుకు తట్టలేదా అని రజనికి చెవులు వేడెక్కాయి.

"ఆ ఫోటో ఉందా?"

కొమురమ్మ ఫోన్ ఇచ్చింది. రజని ఫోటోను పెద్దది చేసి చూసింది. కిరాయి ఇళ్లలో ఎలుకల మందు తిన్న ఎలుకలను ఆమె చాలాసార్లు ఊడ్చి పారేసింది. అవి గిలగిల కొట్టుకుంటాయి. మూలమూలకూ పాకుతాయి. ఇక్కడ బోన్లలో పరిచిన పొట్టు చెదరలేదు. ఎలుకలన్నీ జోకొట్టి పడుకోబెట్టినట్టు పక్కపక్కనే ఉన్నాయి.

శ్రీహరికి ఫోన్ చేసింది. "సార్, మీ గోపిక రీసెర్చ్ దేని మీద?"

"నిద్రమందు మీద. ఒక ఆకు పసరు కలిపితే ఎలుకలు ఎంత ఎక్కువసేపు నిద్రపోతాయో చూస్తోంది."

"ఆ రోజు మందు ఇచ్చిందా?"

"లేదు. పండుగ అయ్యాక మొదలుపెడతానంది."

"చనిపోయిన ఎలుకలేవి?"

"కాల్చేశాం మేడం. వాసన వస్తుందని..."

"పరీక్ష చేయించకుండానా?"

రజని ఫోన్ పెట్టేసి జీపు తీయమంది.

మిర్యాలగూడ మిల్లులో వెంకన్న మొహానికి తువ్వాల చుట్టుకుని బస్తాలు మోస్తున్నాడు. జీపు చూశాడు. బస్తా దించాడు. దుమ్ములో గొంతుక్కూర్చున్నాడు.

కూర్చోమని ఎవరూ అనలేదు. స్టేషన్‌లో అలవాటు చేసింది తనేనని రజనికి తెలుసు. తను కూడా అతని ఎదురుగా ఒక బస్తా మీద కూర్చుంది.

"వెంకన్నా, పైకి కూర్చో. పూజ నాడు ఏం జరిగిందో జర మొదటి నుంచి చెప్పు."

"గోపికమ్మ సీసాలన్నీ స్పిరిట్ పెట్టి తుడిచి ఇచ్చింది మేడం. నేను పసుపు రాసి బొట్లు పెట్టిన."

"అన్నిటికీ పెట్టినవా?"

"ఒక్కటి గూడ ఇడవలే. త్రాసుకు, మిషన్లకు, సీసాలకు, అన్నిటికి. కొబ్బరికాయ కొట్టినంక శ్రీహరి సారు ఇంటికి పొమ్మన్నడు. మధ్యాహ్నం బస్సుకే పోయిన."

"తాళం?"

"నా కాడ ఒకటి, గోపికమ్మ కాడ ఒకటి."

"ఆమె మీద నీకు అనుమానం రాలేదా?"

వెంకన్న ఉలిక్కిపడ్డాడు. "మంచి పిల్ల మేడం. ఆమె పేరు తియ్యకుండ్రి."

సాయంకాలానికి అందరూ సూర్యాపేటలో ల్యాబులో ఉన్నారు. శ్రీహరి బల్ల దగ్గర నిలబడ్డాడు. గోపిక కిటికీ దగ్గర నిలబడి చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. ఆమెది కోదాడ. వెంకన్న, కొమురమ్మ తలుపు దాటి లోపలికి రాలేదు.

రజని ర్యాకు ముందు నడిచింది. మైక్రోస్కోపుకు బొట్టు. త్రాసుకు బొట్టు. సీసాలన్నిటికీ నడుమ పసుపు, దాని మీద కుంకుమ.

రెండింటికి లేదు.

"ఇవేంటి?"

"నిద్రమందు," అన్నాడు శ్రీహరి. "ఒకటి స్టాక్, అంటే బాగా చిక్కటిది. రెండోది ఎలుకలకు ఇవ్వడానికి పలచన చేసింది."

"వీటికి బొట్టు ఎందుకు లేదు?"

"వెంకన్న మర్చిపోయాడేమో," అంది గోపిక.

రెండు సీసాలకూ తెల్ల టేపు లేబుళ్లు ఉన్నాయి. ముత్యాల్లాంటి అక్షరాలు. వాటి మీద తేదీ పూజకు ముందు వారానిది. రజని గోటితో ఒక లేబుల్ అంచు పట్టుకుని మెల్లగా ఊడదీసింది.

కింద పసుపు. నడుమ ఎర్రగా బొట్టు.

"పూజకు ముందు వారం అంటించిన లేబుల్ కిందికి పూజ నాటి బొట్టు ఎట్ల పోయింది గోపికా?"

గోపిక వేలికి చుట్టుకున్న చున్నీ కొస వదిలేసింది.

"ఈ సీసాలు పరీక్షకు పంపుతున్న. దేంట్ల ఏమున్నదో ఎట్లైనా తెలుస్తది. అంతకు ముందే నీ నోటితో చెప్తే బాగుంటది."

గోపిక మొహం రెండు చేతులతో కప్పుకుంది.

"మార్కర్‌తో సీసా మీదే రాసుకున్నాను మేడం. స్పిరిట్‌తో తుడిస్తే ఆ రాత పోయింది. పూజ అయ్యాక చూసుకున్నాను. రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో గుర్తులేదని సార్‌తో చెప్పడానికి సిగ్గేసింది. ఇదే అయ్యుంటుందిలే అని లేబుళ్లు అంటించి పాత తేదీ వేశాను."

"మందు ఎప్పుడు ఇచ్చినవ్?"

"ఆ మధ్యాహ్నమే. థీసిస్ ఇవ్వడానికి గడువు దగ్గర పడింది. ఒక బ్యాచ్ పూర్తిచేసి ఊరెళ్దామనుకున్నాను. సాయంత్రానికి ఒక్కటీ లేవలేదు. ఊపిరి కూడా లేదు. పలచనదనుకుని చిక్కటిదే ఇచ్చేశానని అప్పుడు అర్థమైంది. తాళం వేసి హాస్టల్‌కు వెళ్లిపోయాను."

"తెల్లారి వెంకన్నను అందరూ తిడుతుంటే ఎక్కడున్నవ్?"

"అక్కడే ఉన్నాను మేడం." ఆమె వెక్కిళ్లు పెట్టింది. "ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే ఉన్నాను. నోరు రాలేదు."

శ్రీహరి మొహం పాలిపోయింది. ఎలుకలను పరీక్ష చేయించకుండా కాల్పించిన మనిషి ఆయన. మందు సీసా వైపు కన్నెత్తి కూడా చూడకుండా కొబ్బరి ముక్కను పట్టుకున్న ప్రొఫెసర్ ఆయన. గొంతు సవరించుకున్నాడు.

"వెంకన్నా, పొరపాటు జరిగింది. రేపటి నుంచి డ్యూటీకి వచ్చెయ్. మేడం, ఈ విషయం ఇక ఈ గది దాటకుండా చూద్దాం. డిపార్ట్‌మెంట్ పరువు..."

"వస్త సార్," అన్నాడు వెంకన్న తలుపు దగ్గర నుంచే. "గని, మా చిలుకూరుల ఈ ముచ్చట ఎవరు చెప్తరు?"

శ్రీహరి నేల చూపులు చూశాడు.

"నేను చెప్త," అంది రజని. "నిన్ను నేల మీద కూర్చోబెట్టింది నేను. గొర్రెలు కాసుకునేటోడని అన్నది గూడ నేనే."

"నేనూ వస్తాను మేడం," అంది గోపిక.

"నాకు క్లాసు ఉంది," అన్నాడు శ్రీహరి వాచీ చూసుకుంటూ.

"రేపు చెప్పుకోండి సార్."

జీపు దగ్గర వెంకన్న వెనక వైపు నడవబోయాడు. రజని ముందు తలుపు తెరిచి పట్టుకుంది. అతను ఎక్కేదాకా అలాగే నిలబడి, తను వెళ్లి మిగిలిన వాళ్లతో వెనక ఇరుకున కూర్చుంది. కోదాడ దాటేదాకా ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

చిలుకూరు హోటల్ ముందు జీపు ఆగింది. చాయ్ తాగుతున్న వాళ్లు లేచి నిలబడ్డారు.

"ఎలుకలోడు దొరికిండ్రా!" అన్నాడొకడు. ఇంకొకడు అప్పుడే ఫోన్ పైకెత్తాడు.

రజని దిగేలోపే గోపిక దిగింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. నేరుగా ఆ ఫోన్ ముందుకు వెళ్లి నిలబడింది.

"తీయండి," అంది. "ఎలుకలను చంపింది నేను. తెలిసి కూడా ఆయన మీదికి తోశాను. నా ఫోటో తీయండి."

ఫోన్ పట్టుకున్న చేయి కిందికి దిగింది. వెంకన్న ఇంకా ముందు సీట్లోనే తల వంచుకుని ఉన్నాడు. కొమురమ్మ జీపు చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీసింది.

"ఇగ దిగు," అంది. "ఇంటికి పోదాం."