తూకం పూర్తికాని ముద్ద

ఎనభై ఆరో ముద్ద నూట నాలుగు తూగింది. వకుళ అంకెను తూనికయంత్రానికి వినబడేలా పైకి చదివి, దాని పక్కన ఆకుపచ్చ గీటు పెట్టింది. నూట నాలుగు గురుగ్రహాల బరువంటే ఇక ఢోకా లేదు. ఆ వాయువు తన బరువుకు తానే కుంగి, కుంగినకొద్దీ కాగి, ఏదో ఒకనాడు నక్షత్రమై వెలుగుతుంది.

ఎనభై ఏడోది డెబ్బై ఎనిమిది.

ఎనభై తూగనిదాని గుండెలో నిప్పు నిలవదు. అలాంటివి వట్టిముద్దలు. వకుళ అంకె చదివితే చాలు, కోతబండి అయస్కాంత వల వేసి ముద్దను చెదరగొట్టి, ఓడల ఇంధనానికి ఉదజనిని లాక్కొస్తుంది. ఇవాళ ఆ వైపు కోతబండి నడుపుతున్నది పైడిరాజే. వాళ్ళ పెళ్ళయి పదకొండు రోజులు. తూనికమనిషి హోదా మీద వకుళకు జంటగది ఇచ్చారు. అందులో ఒకటే గ్లాసు; పొద్దున కాఫీ వంతులేసుకుని తాగుతారు. హోదా పోతే మళ్ళీ విడివిడి పడకలే: అతను మగవాళ్ళ మూడో అంతస్తుకి, ఆమె ఆడవాళ్ళ తొమ్మిదికి.

ఈ పదకొండు రోజుల్లో ఆమెకొక అలవాటు పట్టుకుంది: కనబడిన ప్రతిదాన్నీ కాసేపు నిలిచి చూడటం. అందుకే అంకెతో ఆగకుండా బొమ్మ తెరిచింది.

నడుమ నివురుగప్పిన ఎర్రటి ముద్ద. చుట్టూ అట్టులా పలచగా పరుచుకుని తిరుగుతున్న ధూళి. అందులో రెండు నల్లటి చాళ్ళు. రేణువుకు రేణువు అంటుకుని, రాయికి రాయి తగిలి, అక్కడ రెండు గ్రహాలు దారి చేసుకుంటున్నాయి. ఆ ధూళంతా ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాలది. తన కాలి మెట్టెల్లోని వెండీ అలాంటిదేనని ఆమె చదువుకుంది గానీ, ఒళ్ళు జలదరించడం ఇదే మొదలు. పెద్ద నీలి నక్షత్రాలు ఆర్భాటంగా మండి కొన్ని పదుల లక్షల ఏళ్ళకే పేలిపోతాయి. ఇలాంటి చిన్నది అంటుకుంటే మాత్రం సన్నసెగన లక్షల కోట్ల ఏళ్ళు నిలుస్తుంది.

మేఘంలోంచి సన్నటి దారాల్లా వాయువు ఇంకా దానిమీద పడుతూనే ఉంది. ఆమె లెక్క కట్టింది. ఇదే తీరున పడితే నలభై వేల ఏళ్ళలో ఎనభై దాటుతుంది.

లైనులో పైడిరాజు గొంతు. “తూనికగారూ, వల ఇప్పి కూకున్నాను. అంకె చెప్తారా, నిద్దరోమంటారా?”

ఆమె చూసిందంతా చెప్పింది. ముద్దలు కట్టే మేఘంలో ముద్దను ఒక్కరోజు తూచి తేల్చెయ్యడమే తప్పంది. “తింటున్నవాణ్ణి మధ్యలో లేపి, బరువు చూసి, బక్కోడివి పొమ్మంటున్నాం రాజూ.”



“సదవకపోతే ఆ కుర్చీలో ఉంచరు,” అన్నాడతను. “గది పోద్ది.”

“పోద్ది.”

“మూడో అంతస్తులో మా సింహాద్రి గురక నీకు తెల్దు.” ఊపిరి వదిలిన చప్పుడు. “సర్లే. చుట్టంలాగ మీ తొమ్మిదికి వస్తుంటాను. సదవకు.”

వకుళ యంత్రానికి పైకి చదివింది. “ఎనభై ఏడో ముద్ద. తూకం పూర్తి కాలేదు. ఇంకా పడుతోంది.”

తూనికయంత్రం ఆ మాట ఎన్నడూ వినలేదు. పూర్తికాని తూకం మీద కోత వెయ్యరాదన్నది దాని మొదటి నియమం. ఇంకా పడుతోందా అని అది మిగతా వట్టిముద్దలను ఒక్కొక్కటే చూసుకుంది. అన్నిటిమీదా పడుతోంది. మేఘం పొడవునా నలభై మూడు కోతబండ్లు వలలు ముడిచి నిలిచిపోయాయి.

తూనికల పెద్ద సన్యాసినాయుడు గారు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. కేకలేస్తారనుకుంది.

“తూకం పూర్తవ్వడానికి ఎన్నాళ్ళు పడతాదమ్మా?”

“దీనికి నలభై వేల ఏళ్ళండి. మిగతావి ఇంకా లెక్క కట్టలేదు.”

ఆయన ముక్కాలిపీట లాక్కుని పక్కన కూర్చున్నారు. “ఏదీ, ఆ బొమ్మ ఇటు తిప్పు.”