పసుపు కోఠీ మెట్లు

కోరుట్ల పెద్ద బజార్ల పసుపు కోఠీ మెట్లు పొద్దుగూకినంక ఎవ్వరూ ఎక్కొద్దని ఒక మాట ఉండేది. ఎక్కినోడు దిగుతడా అంటే... దిగినోన్ని చూసినోళ్లు లేరు.

కిషన్ రావు దొర తండ్రి నిజాం కాలంల కట్టించిన కోఠీ అది. మూరెడు మందం డంగుసున్నం గోడలు, కావిలించుకుంటే చేతులందని టేకు స్తంభాలు. కింద బట్టల దుకాణం, పైన పసుపు నిల్వ చేసే అర్ర. ఆ అర్రకు ఎనుక గల్లీ దిక్కు ఒక తలుపు, తలుపు మీద గిలక. బస్తాలు మోకు మీదనే ఎక్కేవి, దిగేవి. పసుపు బేరం మెట్‌పల్లికి మళ్లినంక గిలక తుప్పుపట్టింది. పైన ఎవరూ కొనని పాత పసుపు కొమ్ములు మిగిలినయి.

కొన్నొద్దులకు మొదలైంది అడుగుల సప్పుడు. పెండ్లి పసుపు ఆరకముందే సచ్చిన పిల్ల తిరుగుతుందన్నరు. నిజమే మరి — తెల్లారి చూస్తే మెట్ల పక్క గోడకు పసుపు చేతి ముద్రలు!

దుకాణం ఊడ్చే లక్ష్మవ్వ రోజూ పొద్దుగూకంగ మొదటి మెట్టు మీద మోదుగాకు విస్తరిల ఇంత బువ్వ పెట్టి దండం పెట్టేది. పొద్దుగాలకు విస్తరి ఖాళీ.

"దయ్యాన్ని గూడ సాదుతున్నవా, లక్ష్మవ్వా?" అని గుమాస్తా ఓదెలు ఎక్కిరిస్తే—

"నీలెక్క జీతం పెంచుమని అడుగది గద కొడుకా," అనేది.

ఆ కాలం ఎసొంటిదో పెద్దలకు ఎరుకే. ఇటు పోలీసులు, అటు అన్నలు, నడుమ జనం. ఓనాడు పొద్దుగూకంగ ఎన్‌కౌంటరైందన్న వార్త రాంగనే అన్నలు బంద్ అన్నరు. బజారంత గడియల మూతబడ్డది. దొర గూడ గాబరాగ తలుపు పలకలు ఒక్కొక్కటి గాడిల దించి, బయట ఇనుప పట్టీ ఏసి తాళం పెట్టిండు. అటక మీద పెండ్లి చీరలు ఎతుకుతున్న ఓదెలు సంగతి... యాదికి రాలే.

ఓదెలు దిగేసరికి చీకటి. పలకలు నెట్టిండు. కదల్లే. అరుద్దామని నోరు తెరిచిండు...

బూట్ల సప్పుడు!

నోరు మూసుకున్నడు. కిందటి వారమే మూసిన దుకాణంల దొరికినోన్ని 'అన్నల మనిషి' అని పోలీసులు జీపుల ఎక్కిచ్చుకపోయిండ్రు. ఇప్పటిదాక జాడ లేదు. తన ఇంట్ల పాలు తాగే బిడ్డ ఉన్నది...

బూట్లు పోలే. కోఠీ అరుగు మీదనే కూసున్నయి. పలకల సందులకెల్లి బీడీ పొగ, టార్చి ఎలుగు లోపలికి పాకినయి. ఓదెలు ఎనుకకు జరిగిండు. ఇంకింత జరిగిండు. కాలికి విస్తరి తాకింది.

మెట్లు!

టార్చి ఎలుగు దగ్గరికొస్తున్నది. ఒక్క మెట్టెక్కిండు. ఇంకొకటి. పసుపు దుమ్ము గొంతుల గరగరమన్నది. దగ్గొస్తున్నది... ఆగుతలేదు...

చీకట్లకెల్లి ఒక చెయ్యి ఓదెలు నోరు మూసింది.

పసుపు వాసన.

"దగ్గకు," అన్నది గుసగుస.

ఓదెలు పానం పోయినట్టే అయ్యింది. కానీ... ఆ చెయ్యి వెచ్చగున్నది!

పైఅర్రల, సందులకెల్లి పడ్డ ఎన్నెలల మొఖం చూసిండు. బాలమణి! లక్ష్మవ్వ బిడ్డ. దళంల కలిసి, అడివిల సచ్చిందని తల్లి దినాలు గూడ చేసిన బిడ్డ.

ఆమె దీపం నూనె గిలకకు పోసింది. కిర్రుమనకుండ మోకు గల్లీలకు జారవిడిచింది.

"నువ్వు గూడ రావే చెల్లె," గుసగుసగ అన్నడు ఓదెలు.

"ఏడికి? దళం ఇడిసి అచ్చిన్నని అన్నలు, పోయిన్నని పోలీసులు..." కొమ్ముల కుప్ప దిక్కు చూసింది. "నువ్వు దిగన్నా. మా అవ్వకు ఒక్క మాట చెప్పు."

ఓదెలు మోకు పట్టుకొని గల్లీలకు దిగిండు.

బంద్ అయిపోయినంక దొర ఉరికొచ్చిండు. "లోపట్నే ఉండిపోయినవటరా! నిజంగ దయ్యమున్నదా?"

ఓదెలు అరచేతులు ఎనుకకు దాసుకున్నడు. ఎంత కడిగినా పసుపు పోలే.

"ఉన్నది దొరా. ఆ మెట్ల దిక్కు ఎవ్వల్ని పోనియ్యకుండ్రి."

పొద్దుగూకంగ లక్ష్మవ్వ విస్తరి పట్టుకొచ్చింది. ఓదెలు పక్కన వంగి, ఆమె చెవిల మెల్లగ అన్నడు:

"అవ్వా... దయ్యం మామిడికాయ తొక్కు అడిగింది."

ముసల్ది సుట్టూ చూసింది. కొంగుతోని మూతి ఒత్తుకున్నది.

"రేపు తెస్త కొడుకా," అన్నది. "కారం జర ఎక్కువేస్త. దానికి గట్లనే ఇష్టం."