కొండ దాటని మెసేజ్

తెల్లవారుతూనే పంపిన మెసేజ్ ఇంకా చేరలేదు. పెరట్లో కూర్చున్న బోరం, కాబేజీలకు కారం పట్టిస్తూ పదేపదే ఫోన్ వంక చూస్తోంది.

వాళ్లుండే చిన్న దీవికి టవర్ సిగ్నల్ అందదు. అందుకే వసంతంలో యూనివర్సిటీ నుంచి కిహ్యోన్ వచ్చి అందరి ఫోన్లలో ఒక యాప్ పెట్టాడు. ఇద్దరు ఎదురుపడితే చాలు, ఒకరి ఫోన్‌లోని మెసేజ్ రెండోవాళ్ల ఫోన్‌లోకి దూకుతుంది. అలా జేబులు మారుతూ చేరాల్సినవాళ్లకు చేరుతుంది.

మొదటిరోజు, "మీ ఫోన్ ఒకసారి ఇస్తారా?" అని అతను అడగగానే బోరం వాళ్లమ్మ చీపురు తీసింది.

"మంచివాడిలాగే ఉన్నాడు. దొంగలంతా అలాగే ఉంటారు!"

"ఇంతకీ నెట్‌వర్క్ ఎక్కడుందండీ?" అని బోరం వెక్కిరించింది.

"మీరే. మీరు నడిచే దారే దీనికి తీగ. మీరు ఇంట్లో కూర్చుంటే తీగ తెగినట్టే."

ఆ రోజు నుంచి బోరంకు, అతను బస చేసిన కొండ అవతల ఎన్ని పనులు పుట్టుకొచ్చాయో!

ఇవాళ్టితో అతని పని అయిపోయింది. మధ్యాహ్నం పడవకు వెళ్లిపోతాడు. ఎదురుగా నిలబడి అనలేకే, "వెళ్లకండి" అని మెసేజ్ పెట్టింది. ఆక్టోపస్‌లు అమ్మే సున్నే పిన్ని రోజూ కొండ దాటుతుంది కదా అన్న ధైర్యం.

కానీ ఇవాళ ఊరంతా కలిసి కిమ్చీ, అదే కాబేజీ పచ్చడి, పెట్టే రోజు. దీవిలోని ఆడవాళ్లంతా పొద్దున్నే వీళ్ల పెరట్లో చేరారు. ప్రతి జేబులోనూ బోరం మాట ఉంది. ఒక్క జేబూ కదలడం లేదు.

"పిన్నీ, అటు వెళ్లవా?"

"ముక్కు గోక్కోవడానికే చెయ్యి ఖాళీ లేదు! అటు ఎవరున్నారే నీకు?"

పెరడంతా నవ్వింది. బోరం తల వంచుకుంది. కళ్లు మండింది కారం వల్ల కాదని అమ్మకు తెలిసిపోయింది.

"వాన పడేలా ఉంది. ఆ రాళ్ల మీద జారితే కాలు విరుగుతుంది. పడవ చూస్తే పాతది, ఈ గాలికి ఏమవుతుందో..." అమ్మ ఆగింది. "ఆ అబ్బాయి ఏమైనా తిన్నాడో లేదో. ఉడికించిన మాంసం, కొత్త కిమ్చీ పట్టుకెళ్లు. గొడుగు మర్చిపోకు. పరిగెత్తకు!"

బోరం గొడుగు మర్చిపోయింది. పరిగెత్తింది.

కొండ మీదికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఫోన్ మోగింది. ఎదురుగా ఇంకొకటీ మోగింది. భుజాన సంచీతో, ఆయాసపడుతూ కిహ్యోన్!

"చదవకండి!" అంది బోరం.

అతను చదివేశాడు. ఆమె తన ఫోన్‌లో అతని మెసేజ్ చూసుకుంది. "ఒక్కసారి ఉండమంటే ఉండిపోతాను."

"ఎప్పుడు పంపారు?" అని అడిగింది.

"పొద్దున. ఎవరైనా ఇటు వస్తారేమోనని చూసి చూసి, నేనే మోసుకొచ్చాను."

కింద పడవ కూత వేసింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

తడిసి ముద్దయిన ఇద్దర్నీ చూసి అమ్మ గుండెలు బాదుకుంది. "పడవ పోయిందా? అయ్యో, జ్వరం వస్తే ఇక్కడ డాక్టరైనా లేడే!" అంటూనే తన ఎర్ర రబ్బరు చేతి తొడుగులు విప్పి అతని చేతిలో పెట్టింది.

"చూస్తావేం బాబూ? ముందు తల తుడుచుకో. తర్వాత దాని పక్కన కూర్చో. ఇంకా సగం కాబేజీలున్నాయి."