వదలకూడని బటన్

"ఫ్రీక్వెన్సీ మార్పించు. లేకపోతే డ్యామ్ పోతుంది."

కాన్‌బెర్రా నుంచి వచ్చిన ఆదేశం అంతే. పాత సైనిక వాహనాల క్లబ్‌లో రిటైరైన ఫిజిక్సు మాస్టరు వేషంలో చేరిన ఏజెంట్ ఆరెల్‌కు మిగతాది తెలుసు. నలభై వాహనాల్లో ఒకదానిలో ఓ విదేశీ ముఠా పేలుడు మందు దాచింది. క్లబ్‌లోని కొత్తరకం రేడియో సెట్లు మాటతోపాటు ఒక సన్నని టోన్‌ను కూడా పంపుతాయి. ముఠా తన మనిషి చేత క్లబ్‌కు ఎంపిక చేయించే ఫ్రీక్వెన్సీలో ఆ టోన్ అందితే చాలు, మందు పేలుతుంది. పది గంటలకు డ్యామ్ గట్టు మీద, ఆనవాయితీ ప్రకారం, అన్ని వాహనాలూ వరసగా పలికే రేడియో చెక్. విషయం ముందే బయటపెడితే, ఎక్కడో కాపుకాసిన ముఠా మనిషి చేత్తోనే పేలుస్తాడు.

ఉదయం ఫలహారం దగ్గర ఆ రోజు ఫ్రీక్వెన్సీగా 52.6 అని ప్రతిపాదించింది వెస్నా మార్కమ్. గ్రీజు మరకల ఓవరాల్‌లోనూ అందరి తలలూ తిప్పగల మనిషి. రెండు దేశాల జీతం తీసుకుంటున్నదని ఆరెల్ అనుమానం.

"53.05 మేలు," అన్నాడు ఆరెల్. అది హెడ్డాఫీసు ఇచ్చిన అంకె.

అధ్యక్షురాలు కొరాలీ వెజిమైట్ పూసిన రొట్టె పక్కన పెట్టింది. "ముసలి సెట్లు పాయింటు తర్వాత ఒక్క అంకె మీదే ఆగుతాయి మాస్టారూ. ఆ అయిదు మీద మీ జీపే ఆగదు. ముందు దాన్నడిగి రండి."

నవ్వులు. ముప్పై తొమ్మిది ఓట్లు 52.6కు. ఒక్కటి ఆరెల్‌ది.

గట్టు మీద ఆరెల్ జీపు దగ్గరికి వెస్నా వచ్చింది. "53.05 అన్నప్పుడే మీరెవరో తెలిసింది. బాంబు నా వెనకున్న సైనిక క్యారియర్ బండిలోనే ఉంది. నేను వెళ్లిపోయాకే పేలుతుందన్నారు. నన్నూ కలిపే లెక్కేశారు."

"వైరు కోయగలవా?"

"పావుగంట కావాలి."

క్యారియర్ కింద దూరినవాళ్లను ఈ క్లబ్‌లో ఎవరూ అనుమానించరు. ఆరెల్ జీపును దానికి ఆనించి ఆపి, మైకు బటన్ నొక్కిపట్టాడు. అతని సెట్ కొరియా యుద్ధకాలం నాటిది; దానికి టోన్ లేదు. ఇలాంటి రేడియోల్లో దగ్గరి బలమైన సంకేతం మిగతావాటిని మింగేస్తుంది. బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఆ బాంబు వినేది అతని మౌనాన్నే. కానీ డైనమో చచ్చి రెండేళ్లయింది, బ్యాటరీ ఆయుష్షు పదకొండు నిమిషాలు. ఆరెల్‌కు ప్రార్థన అలవాటు లేదు, తీసివేత చేశాడు. నాలుగు తక్కువ.

"ఎవడయ్యా ఆ బటన్ మీద కూర్చున్నది?" కొరాలీ గొంతు గట్టు పొడవునా మోగింది.

"ఇరుక్కుంది!"

"పీకి పారెయ్యండి! మా అందరి నోళ్లూ నొక్కేశారు."

పదకొండో నిమిషం దాటింది. పన్నెండు. పదమూడు. బ్యాటరీ మీటరు ముల్లు ఒకసారి వణికి పడిపోయింది. పక్క వాహనం స్పీకర్లో కొరాలీ మాట స్పష్టంగా వినిపించింది: "రేడియో చెక్."

ఆరెల్ కళ్లు మూసుకోలేదు. చూడడానికి ఏమీ మిగలదనే అనుకున్నాడు.

గట్టు అలాగే ఉంది. క్యారియర్ కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, తెగిన వైరుతో.

"పావుగంట అన్నావు."

"నేను చెప్పే లెక్కల్లో ఎప్పుడూ కాస్త అబద్ధం ఉంటుంది."

మధ్యాహ్నానికి ఇద్దరు మఫ్టీవాళ్లు ఆమెను తీసుకువెళ్లారు. ఎక్కడికో ఆరెల్‌కు ఎవరూ చెప్పరు. ముఠా మనిషి దొరకలేదు. వచ్చే ఏడాది ఇంకో డ్యామ్, ఇంకో అంకె.

ముప్పై ఏళ్లలో ఏ విషయం మీదా ఏకాభిప్రాయానికి రాని ఆ క్లబ్, బటన్ వదలని నేరానికి ఆ సాయంత్రం ఆరెల్ సభ్యత్వాన్ని ఏకగ్రీవంగా రద్దు చేసింది. వేషం నిలబెట్టుకోవాలి గనుక, అతనూ చెయ్యెత్తాడు.