వెచ్చని పెట్టెలో ఎవరి కణాలు?

డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చినావిడ కాళ్లకున్న చెప్పులు రెండూ ఒక జత కావు. అసిస్టెంటుకి నవ్వు రాబోయింది గానీ, ఆవిడ మొహం చూశాక గొంతులోనే ఆగిపోయింది.

"మా ఆయన గుండె బలహీనపడింది మేడమ్. ఆయన ఎడమ తొడలోంచే చిన్న కండ ముక్క తీసి, అందులోని కణాల్ని ల్యాబులో పెంచారు. ఆయనింకా కుంటుతూనే ఉన్నారు. ఈ మధ్యాహ్నం ఆ కణాల్ని గుండెలోకి ఎక్కిస్తారు. పొద్దున ఎవరో ఫోన్ చేసి, 'ఎక్కించనివ్వకండి, ప్రాణం పోతుంది' అని పెట్టేశారు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది."

"ల్యాబు ఎవరు చూస్తారు?" అడిగింది డిటెక్టివ్.

"మా మరిదే. అందుకే ఇన్నాళ్లూ గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాను."

ఆస్పత్రిలో డాక్టరు ఫోన్ సంగతి కొట్టిపారేశాడు. "ఎవరో ఆకతాయిలే! మొదట్లో నత్తనడక నడిచిన కణాలు ఈమధ్య ఒక్కసారిగా జోరందుకున్నాయి. కుర్రాడి కణాల్లా పెరుగుతున్నాయి."

ల్యాబులో మరిది బల్ల పట్టుకుని లేచాడు. ఎడమ కాలు ఈడుస్తున్నాడు.

"ఏమైంది?"

"మెట్ల మీద జారానండి."

కణాలుంచే వెచ్చని పెట్టె తలుపుని డిటెక్టివ్ వేసి చూసింది. గట్టిగా నొక్కితే గాని పడలేదు. మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. అసిస్టెంటుకి ఏమీ అర్థం కాలేదు. రోగిని తీసుకుపోవడానికి వస్తున్న స్ట్రెచర్ చక్రాల చప్పుడు బయట వినబడింది.

డిటెక్టివ్ అందరినీ రోగి మంచం చుట్టూ నిలబెట్టింది.

"ఆ కణాలు ఈయనవి కావు. జబ్బుమనిషి కణాలకి రాత్రికి రాత్రే యవ్వనం రాదు. మీ మరిది మెట్ల మీద జారలేదమ్మా. అన్నకి కోసినచోటే తనకి తానే కోసుకున్నాడు."

మరిది వదిన వైపు తిరిగాడు. "అన్నయ్యకి ఆయాసం ఎక్కువైందంటే పెట్టె తలుపు సరిగా వెయ్యకుండానే పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి కణాలన్నీ చల్లబడి చచ్చిపోయాయి. ఒకే రక్తం కదా, నావి పనికొస్తాయని నన్ను నేనే నమ్మించుకున్నాను. పొద్దున భయమేసింది. ఫోన్ చేసింది నేనే వదినా."

డాక్టరు చేతిలోని కేసు షీటు మూసేశాడు. "శరీరం పరాయి కణాల మీద తిరగబడేది. ఈ గుండె తట్టుకోలేకపోయేది. మళ్లీ మొదట్నుంచి పెంచాలి. అప్పటిదాకా..."

భార్య మంచం కమ్మీని గట్టిగా పట్టుకుంది.

రోగి మెల్లగా కుడికాలి మీది దుప్పటి తొలగించాడు.

"ఈ తొడ ఇంకా ముట్టుకోలేదు కదరా," అన్నాడు తమ్ముడితో. "కానివ్వు. ఈసారి తలుపు సరిగ్గా వెయ్యి."